మనవాళ్ళ కబుర్లు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ ప్రసూనాంబ పెళ్ళైన మూడో నాడే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుందా, వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది. కాదనను. నందిగామ బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతూ, దాన్నానుకుని జిరాక్సు మిషనూ పెట్టుకున్నవాడు నోరు మూసుకుని కూర్చుంటే పొద్దెలా పోతుంది? అయినా సరే, ఒక్క సంగతి మాత్రం నేను నాలుగున్నరేళ్ళు కడుపులో దాచుకున్నాను. ఎలా దాచానో, దాచి ఏం వెలగబెట్టానో చెప్తాను, వినండి.

మేం తొంభై ఒకటిలో బీఎస్సీ పూర్తి చేశాం. క్లాసులో నలభై ముగ్గురం. ఆఖరి పరీక్ష రోజున అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఆటోగ్రాఫు పుస్తకాలు మార్చుకుంటుంటే, నేను రెండొందల పేజీల రూళ్ళ నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఇంటి అడ్రసు రాయించుకున్నాను. "ఏరా, జనాభా లెక్కలా?" అని వెక్కిరించారు. ఆ ఏడు నిజంగానే జనాభా లెక్కలు జరిగాయి లెండి. అప్పట్నుంచి నా పేరు సెన్సస్ ఉమాకాంతం.

వెక్కిరించినవాళ్ళే తరువాత నా ఉత్తరం కోసం ఎదురు చూశారు. ప్రతి జనవరిలోనూ పైన 'మనవాళ్ళ కబుర్లు' అని పెద్దక్షరాలు పెట్టి, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి పెళ్ళయింది, ఎవరికి బదిలీ, ఎవరింట్లో ఉయ్యాల, అన్నీ రెండు పేజీల్లో ఇరికించి, నా మిషను మీదే కాపీలు తీసి అందరికీ పోస్టు చేసేవాణ్ణి. వత్సవాయి నుంచి వైజాగు దాకా ఎక్కడున్నా సరే, మనవాడెవడైనా ఇల్లు మారితే ముందు నాకు కార్డు ముక్క రాసి, ఆ తరువాతే సామాన్లు సర్దుకునేవాడు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. గొప్పే.

మా క్లాసులో రూబీ అని వీరులపాడు దగ్గర పల్లె నుంచి వచ్చేది. తల్లీ తండ్రీ కూలికి వెళ్ళేవాళ్ళు. మూడేళ్ళూ ఆమే క్లాసు ఫస్టు. నా బోటనీ రికార్డులో బొమ్మలన్నీ ఆమె వేసినవే. నేనేసిన మందారప్పువ్వు చూసి లెక్చరరు గారు "ఇది కాకరకాయా?" అని అడిగాక, ఆమె జాలిపడి పుస్తకం లాక్కుంది. ఆ రికార్డుతోనే నేను గట్టెక్కాను. తరువాత బీఎడ్ చేసి జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. తొంభై నాలుగులో జీవరత్నం అనే ఆయనతో పెళ్ళయింది. ఆయన అదే ఊళ్ళో ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆ ఏటి కబుర్లలో మొదటి లైను వాళ్ళదే. 'చిలకా గోరింకల్లా ఉన్నారు' అని కూడా రాశాను. నా చేతులు పడిపోను.

తొంభై ఏడు జూన్‌లో ఒక మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి నేను విసనకర్ర ఊపుకుంటుంటే రూబీ షాపులోకి వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ. రెండో చేతికి తెల్లగుడ్డ చుట్టి ఉంది.

"ఉమాకాంతం, నీ పుస్తకంలో నా పేరు కొట్టెయ్" అంది.

"కూర్చో ముందు. ఏమైంది చేతికి?"

గుడ్డ విప్పి చూపించింది. అరచెయ్యంతా బొబ్బలు. మధ్యలో చర్మం ఊడి ఎర్రగా ఉంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

"స్కూలు నుంచి ఇంటికి పద్దెనిమిది నిమిషాలు. నిన్న ఇరవై ఆరయింది. ఆటో దొరకలా. ఆయన అరవడు, తిట్టడు. స్టవ్వు వెలిగించి, 'ఎనిమిది నిమిషాలు ఎక్కువైంది గదా రూబీ' అన్నాడు. చెయ్యి పట్టుకుని సెగ మీద పెట్టి, ఎనిమిది దాకా లెక్కపెట్టాడు."

ఎవరో టైం టేబులు చదువుతున్నట్టు చెప్పింది. "పెద్దమనుషుల్లో పెడదాం" అన్నాను తెలివితక్కువగా.

"పెట్టా. రెండుసార్లు పెట్టా. ఆయన అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి ఏడుస్తాడు. వాళ్ళు నన్ను కోప్పడి పంపిస్తారు. ఈసారి పంపితే నేను మిగలను."

బీఎడ్ హాస్టల్లో పరిచయమైన ఒక సిస్టరు తునిలో ఓ స్కూలు చూస్తోందనీ, అక్కడ ఉద్యోగం ఇస్తానందనీ చెప్పింది. ఆ స్కూలు ఫోను నంబరు రెండుసార్లు నాచేత పలికించింది. చావుబతుకుల్లో అయితే తప్ప చెయ్యొద్దంది.

"నీ నోరు సంగతి నాకు తెలుసు. అయినా నీకే చెప్తున్నా. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. నేనెక్కడున్నానో లోకంలో ఒక్కరికన్నా తెలియాలిగా" అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నోరు కుట్టేసుకుంటానని నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. విజయవాడ బస్సు నేనే ఎక్కించాను. వెనక్కి వచ్చి పుస్తకం తీసి, ఆమె పేరు కనపడకుండా ఇంకుతో నింపేశాను. ఆ రాత్రి ప్రసూనాంబకు ఒక్కదానికే చెప్పాను. మా ఆవిడకు నాకున్న రోగం లేదు.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక పదకొండింటికి, తునిలో ఎవరి బూతు నుంచో నాకు ఫోను చేసేది. తన సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, "మనవాళ్ళ కబుర్లు చదువు" అనేది. ఆ నెలలో వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివేవాణ్ణి. వరప్రసాదరావుకు కవలలు పుట్టారంటే పకపకా నవ్వింది. ప్రమీలారాణి గవర్నమెంటు ఉద్యోగం కొట్టిందంటే, "నాకు తెలుసు, అది మొండిది" అని మురిసిపోయింది. వాళ్ళెవరికీ తను రాయలేదు, వాళ్ళు తనకు రాయలేరు. ఒక్కోసారి చదివిందే మళ్ళీ చదవమనేది.

జీవరత్నం మొదటిసారి మా షాపుకు వచ్చింది ఆమె వెళ్ళిన నెల తిరక్కుండానే. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. జిరాక్సు షాపుకెవడైనా చెప్పులు విప్పి వస్తాడా? ఆయన విప్పాడు.

"ఉమాకాంతం గారంటే మీరేనాండీ? ఏటా మీ ఉత్తరం మా ఇంటికొస్తదండి. ఎంత బాగా రాస్తారండీ! రూబీకంటే ముందు నేనే చదివేవాణ్ణండి."

ఆయన స్టూలు మీద కూర్చుని రూబీ కనపడటం లేదని చెప్పి, జేబురుమాలుతో కళ్ళద్దుకున్నాడు.

"మీకు తెలియకుండా ఉంటదాండీ?"

"నాకు తెలియదండీ. ఒట్టు."

"పోన్లెండి. తెలిస్తే మీరే చెప్తారు." కవరులోంచి వాళ్ళ పెళ్ళి ఫోటో తీశాడు. "రూబీ మొహం వరకూ ఒక్క కాపీ తియ్యండి చాలు."

అతి వినయం ధూర్త లక్షణమని మా నాన్న అనేవాడు. ఆ తరువాత నెలనెలా జగ్గయ్యపేట బస్సు దిగి వచ్చేవాడు. అదే ఫోటో, అదే ఒక్క కాపీ. ఎందుకండీ ఇన్ని కాపీలంటే, "దగ్గరుంచుకుంటానండి" అనేవాడు. టీ తెప్పిస్తే రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. రూబీ గురించి మళ్ళీ ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. క్లాసు వాళ్ళ గురించే అడిగేవాడు. ఫలానా భవానీప్రసాద్ గారు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారండీ, వరప్రసాదరావు గారి పిల్లలు బాగున్నారాండీ అని. నా ఉత్తరాలన్నీ కంఠతా పట్టాడు.

"ఆ మనిషొస్తే నాకు ఒళ్ళు జలదరిస్తదండీ. మాటలు మీతో, చూపు ఫోను మీద" అనేది ప్రసూనాంబ.

రెండువేల సంవత్సరం నవంబరు, మొదటి ఆదివారం. పావు తక్కువ పదకొండుకి జీవరత్నం చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఆదివారం ఎప్పుడూ వచ్చేవాడు కాదు. "ఇవాళ సెలవు గదండీ, ఊరికే వచ్చా" అని స్టూలు మీద కూర్చున్నాడు. నేను గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. సరిగ్గా పదకొండింటికి ఫోను మోగింది. నేను ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది.

"తియ్యండి. పాపం, ఎవరో" అన్నాడాయన.

తీశాను. "ఉమాకాంతం?" అంది రూబీ.

"రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను. రిసీవరు మీంచి చెయ్యి తియ్యలేదు. ఆయన నా చేతిని చూశాడు, ఫోను చూశాడు, టీ పూర్తి చేసి, కాపీ తీయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. "ఇలా ఎన్నాళ్ళండీ? అసలు వెతుక్కునే పని లేకుండా ఏదో ఒకటి చెప్పి వదిలించుకోండి" అంది ప్రసూనాంబ. నేను పదిహేను రోజులు ఆలోచించి, నాకు చేతనైన పనే చేద్దామనుకున్నాను. నాకు చేతనైంది కబుర్లు చెప్పటం.

ఆయన మళ్ళీ వచ్చినప్పుడు, కుర్చీలోంచి లేచి భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాను. రూబీ మనకిక లేదండీ అన్నాను. రాజమండ్రిలో ఎక్కడో పనిచేస్తోందట, నాకూ నిన్ననే తెలిసిందన్నాను. విషజ్వరమన్నాను. మూడు రోజులు కళ్ళు తెరవలేదన్నాను. అక్కడితో ఆపొచ్చు గదా! నోరు మొదలెడితే ఆగుతుందా నాకు? కార్తీక పౌర్ణమి మర్నాడు తెల్లారుజామున పోయిందన్నాను. నా అనేవాళ్ళు ఎవరూ లేకపోతే తోటి టీచర్లే గోదావరి ఒడ్డున దహనం చేయించి, అస్థికలు నదిలో కలిపారన్నాను. మా నాన్నకు మేం చేసిందంతా, పిండాలు ఒక్కటి మినహాయించి, పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

జీవరత్నం తల వంచుకుని విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అస్థికలు కూడా కలిపేశారాండీ?"

"కలిపేశారండీ."

"మంచిదండి. చాలా శ్రమ తీసుకున్నారండి" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ప్రసూనాంబ చేత పాయసం వండించుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

డిసెంబరు మొదటి ఆదివారం రూబీ ఫోను చేసింది. గొప్పగా చెప్పాను. మొదట నవ్వింది. "అయితే పోయానా? ఏం రోగం?" అంది. జ్వరం దగ్గర నవ్వింది, పౌర్ణమి దగ్గర కూడా నవ్వింది. గోదావరి ఒడ్డు దాకా వచ్చేసరికి నవ్వటం మానేసింది.

"ఉమాకాంతం, మమ్మల్ని కాల్చరు. పూడుస్తారు. మా అమ్మని పూడ్చినప్పుడు నువ్వూ వచ్చావు గదా, మట్టి కూడా వేశావు."

వేశాను. వీరులపాడులో, ఎండలో, నా చేత్తోనే మూడు గుప్పిళ్ళు వేశాను. చావంటే చితి అనే నా బుర్రకు ఆ మట్టి ఒక్క క్షణం గుర్తు రాలేదు.

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలా. మంచిదన్నాడు."

"ఏమీ అనలేదంటే పట్టుకున్నాడన్నమాట" అంది రూబీ.

అయినా ఆయన రాలేదు. ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలు, రాలేదు. చెప్పిన అబద్ధానికి కట్టుబడాలి గనక జనవరి కబుర్లలో నల్లటి గీత గీసి 'రూబీ మనకిక లేదు' అని రాశాను. ఇంతకంటే వివరం రాయలేదు. దానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకెప్పుడూ రాలేదు. భవానీప్రసాద్ రికార్డులో బొమ్మలు కూడా ఆమే వేసిందట. ప్రమీలారాణికి ఫీజు కట్టే ఆఖరి రోజున తన గాజులు తీసిచ్చిందట. అవన్నీ ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. "బతికుండగా ఒక్కళ్ళూ చెప్పలేదే" అంది. "బతికే ఉన్నావు గదా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఏడాది అలా గడిచిపోయింది. పీడ విరగడైందనే అనుకున్నాను.

రెండువేల ఒకటి డిసెంబరు ముప్పైన మా బ్యాచి పదేళ్ళ పండగ పెట్టుకున్నాం. జగ్గయ్యపేటలో కల్యాణ మండపం వరప్రసాదరావు మాట్లాడాడు. వాడక్కడే సున్నపురాయి క్వారీలకు లారీలు తిప్పుతాడు. మంచివాడు, మనసులో ఏదీ ఉంచుకోడు, బుర్రలో కూడా. ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. అడ్రసులన్నీ నావే గనక నాకు శాలువా కప్పారు. రూబీ పేరు చెప్పి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదామన్నారు. అందరితో పాటు నేనూ తల వంచుకుని నిలబడ్డాను. తల ఎత్తేసరికి వేదిక మీద మైకు ముందు జీవరత్నం ఉన్నాడు.

"నేనే పిలిచారా. పాపం, ఆమె తరఫున ఒకరుండాలి గదా" అన్నాడు వరప్రసాదరావు నా చెవిలో.

"అందరికీ వందనాలండి. రూబీని ఇంతమంది తలుచుకుంటన్నారు. నా బాధ మీకు గాక ఇంకెవరికి చెప్పుకోనండి?" అన్నాడు జీవరత్నం. "ఉమాకాంతం గారు దేవుడు లాంటి మనిషండి. రాజమండ్రిలో పోయిందని, దహనం చేశారని ఆయనకెవరో చెప్పారంట. కానండీ, మాలో దహనం లేదండి. సమాధి కట్టుకుందామని రాజమండ్రి వెళ్ళానండి. నాలుగుసార్లు వెళ్ళానండి. ఆస్పత్రుల్లో అడిగా, సంఘాల్లో అడిగా, స్మశానాల్లో అడిగా. రూబీ అనే మనిషి అక్కడ పోలేదండి. కాల్చింది ఇంకెవరినో అయ్యుంటదండి. నా రూబీ ఎక్కడో బతికే ఉందేమోనండి."

హాల్లో ఒక్కసారిగా కలకలం రేగింది. ప్రమీలారాణి ఏడుస్తూ లేచి నిలబడింది. "ఉంటదండీ! తప్పకుండా ఉంటది!" అని ఎవరో అరిచారు. నేను కూర్చున్న చోటే తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

జీవరత్నం సంచీలోంచి కాగితాల కట్ట తీసి వరసగా పంచటం మొదలెట్టాడు. మనిషికొకటి. రూబీ మొహం, వెనక ఆయన ఫోను నంబరు. కాగితాలు నావే. నా మిషను మీద మూడేళ్ళ పైన నెలకొకటి చొప్పున నేను తీసిచ్చినవే. మొదట్లో తీసినవి స్పష్టంగా ఉన్నాయి. మిషను డ్రమ్ము గీరుకుపోయాక తీసిన వాటిలో ఆమె నుదుటి మీదుగా నల్లటి గీత ఉంది. నా దగ్గరికొచ్చి నాకూ ఒకటిచ్చాడు.

"మీ పుస్తకం పుణ్యమేనండి. అన్ని ఊళ్ళలోనూ మనవాళ్ళున్నారు. ఎవరో ఒకరికి కనపడకపోతదాండీ?" అన్నాడు.

వరప్రసాదరావును చెయ్యి పట్టుకుని వంటల షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాను. "ఆ కాగితాలు వెనక్కి తీసుకోమనరా. వాడు మంచివాడు కాడు. రూబీ చెయ్యి కాల్చాడ్రా" అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

నోరు తెరిచాను. రూబీ చెప్పిందంటే ఎప్పుడు చెప్పిందంటాడు. వెళ్ళే ముందు చెప్పిందంటే ఎక్కడికెళ్ళిందంటాడు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, చెప్పాల్సిన చోట నా నోట మాట రాలేదు.

"నువ్వే చచ్చిపోయిందని రాశావు. ఇప్పుడేమో చెయ్యి కాల్చాడంటున్నావు. మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటయ్, మనకెందుకు? మనిషి ఎలా కుమిలిపోతున్నాడో చూడు. తప్పుడు కబురు రాసి ఆయన్ని ఏడాది ఏడిపించావు. ఇంక నోరు ముయ్" అని లోపలికి పోయాడు. వాడు మైకులో ఏం చెప్పాడో ఏమో, తరువాత నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. సెన్సస్ ఉమాకాంతం కబురు తప్పటం అదే మొదలు గదా మరి.

వారం తిరిగి జనవరి ఆరున రూబీ ఫోను చేసింది. అంతా చెప్పాను. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు.

"ఇవాళే ఊరు మారిపో" అన్నాను.

"ఎక్కడికి? సిస్టరు కూడా వేసవిలో బదిలీ అయిపోయింది. కొత్త హెడ్‌మిస్ట్రెస్ గారికి నా సంగతులేం తెలియవు. మార్చిలో టెంత్ పరీక్షలున్నయ్. పిల్లల్ని మధ్యలో వదిలేసి ఎట్లా పోను? పరీక్షలవగానే చూద్దాం."

"నీ పిల్లలు తగలడ! ప్రాణం మీదికొచ్చిందంటే పరీక్షలంటావేంటి? కనీసం ఆ కొత్తావిడకన్నా చెప్పు."

"చెప్తా. ఏమని చెప్పాలో చూసుకుని చెప్తా. ఇంతమందిలో తునికెవరొస్తారు? వచ్చినా మనవాళ్ళే గదా" అంది. ఆ ఆఖరి మాట నవ్వుతూ అంది.

ఫిబ్రవరి మూడున చేసినప్పుడు జలుబు చేసి గొంతు బొంగురుపోయి ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌కు ఇంకా చెప్పలేదంది. నేను తిట్టాను. ఈ వారంలో చెప్తానంది.

ఇంకో పది రోజులకు, బుధవారం పొద్దున్నే షాపు తీసి అగరొత్తి వెలిగిస్తుంటే ఫోను మోగింది. భవానీప్రసాద్. వాడు పురుగుమందుల కంపెనీలో పనిచేస్తూ ఊళ్ళు తిరుగుతుంటాడు.

"ఒరేయ్ సెన్సస్సూ! శుభవార్త! ముందు నా నోట్లో పంచదార పోస్తానని చెప్పు. రూబీ బతికే ఉందిరా!"

"ఎక్కడ చూశావు?" అన్నాను.

"సోమవారం సాయంత్రం తునిలో చూశా. పిల్లల్ని వరసలో రోడ్డు దాటిస్తా ఉంది. ఫోటో జేబులోనే ఉందిగా, తీసి పోల్చుకున్నా. అదే మొహం, కాస్త చిక్కింది. పలకరిద్దామని అడుగేసి మళ్ళీ ఆగిపోయా. మనం ముందు కలిస్తే ఏం బాగుంటది, పాపం ఆయనకి గదా ముందు తెలియాల్సింది. స్కూలు పేరు రాసుకుని, వెంటనే ఆయనకి ఫోను కొట్టా."

"ఎప్పుడు?"

"చెప్పా గదరా, సోమవారమే. ఏడ్చేశాడు మనిషి. 'ఇప్పుడే బయల్దేరుతున్నానండి, మీరు రూబీకి చెప్పొద్దండి, నన్ను చూసి ఎంత సంతోషిస్తదో నా కళ్ళతో చూసుకోవాలండి' అన్నాడు. నాకూ ఏడుపొచ్చేసింది. నిన్నంతా లైనుమీద ఊళ్ళు తిరుగుతూ నీకు చెయ్యటం కుదర్లా. ఈ నెల్లోనే ప్రత్యేకంగా ఒక కబుర్ల కాయితం వెయ్యరా. వచ్చే పండక్కి ఇద్దర్నీ కూర్చోబెట్టి బట్టలు పెడదాం. ఏరా, వింటన్నావా?"

వాడింకా మాట్లాడుతుండగానే కట్ చేశాను. నాలుగున్నరేళ్ళలో ఒక్కసారీ నొక్కని నంబరు, ఒక్క అంకె తప్పకుండా నొక్కాను. రెండుసార్లు ఎంగేజ్ వచ్చింది. మూడోసారి అటెండరెవరో ఎత్తాడు.

"రూబీ టీచరుగార్ని పిలవండి. అర్జంటు."

"టీచరుగారు లేరండి. నిన్న పొద్దున్న ఆరి ఆయన వచ్చారండి. ఎన్నేళ్ళకి కలిశారోనండి! స్వీటు పాకెట్లు తెచ్చి స్కూలందరికీ పంచారండి. మా హెడ్‌మిస్ట్రెస్ గారైతే కళ్ళెంట నీళ్ళెట్టేసుకున్నారండి. పిల్లల చేత చప్పట్లు కూడా కొట్టించారండి."

"రూబీ ఏమంది? ఆమె ఏమంది?"

"ఏమంటారండీ, సంతోషంలో ఆరికి మాటే రాలేదండి. అలా నిలబడిపోయారంతేనండి. హెడ్‌మిస్ట్రెస్ గారే బలవంతంగా సెలవిచ్చి, చెయ్యట్టుకుని ఆయనతో రిక్షా ఎక్కించారండి. చాలా మర్యాదస్తుడండి. చెప్పులిప్పి లోపలికొచ్చారండి."

"ఇవాళ వచ్చిందా?"

"రాలేదండి. టెన్తు పిల్లలకి పరీక్షుందని పిలవడానికి ఇందాకే ఆరి గదికెళ్ళానండి. తాళమేసుందండి. సామానంతా కిటికీలోంచి కనిపిస్తానే ఉందండి. కళ్ళజోడూ, చెప్పులూ కూడా అక్కడే ఉన్నాయండి. ఇంతకీ తమరెవరండీ?"

"క్లాస్‌మేట్‌ని" అన్నాను.

"అలాగాండీ! మీరంతా కలిసే గదండీ ఎతికి పెట్టారంట, ఆ బాబుగారు చెప్పారండి. గొప్పోళ్ళండి మీరు" అన్నాడతను.

ఎప్పుడు పెట్టేశాడో తెలియదు. నేను రిసీవరు చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. ప్రసూనాంబ కాఫీ గ్లాసుతో వచ్చి, నా మొహం చూసి, గ్లాసు అక్కడే పెట్టేసింది. "ఏమైందండీ? ఏవండీ, మాట్లాడండి" అని భుజం పట్టుకుని కుదిపింది. ఎంత పెగుల్చుకున్నా నా నోట్లోంచి వచ్చింది అదొక్కటే.

"నేను చెప్పలేదే ప్రసూనా. ఆ అడ్రసు నేనెవ్వరికీ చెప్పలేదు."